బోలు చప్పుడు

పడవలు కట్టే తూజ్లా రేవులో, మధ్యాహ్నం నీట దించబోయే మోటారు యాట్ కింద ముసలి మేస్త్రీ, తనిఖీకి వచ్చిన ఆయన పాత శిష్యురాలు నిలబడి ఉన్నారు. ఆమె చిన్న సుత్తితో పడవ అడుగును కొట్టి చూస్తోంది.

“విన్నారా మేస్త్రీ? ఇక్కడ బోలుగా మోగుతోంది.”

“బరువు తగ్గాలని లోపల ఫోమ్ పెట్టాంగా.”

“ఫోమ్ పైభాగానికే. నీళ్ళల్లో మునిగేదంతా గట్టి ఫైబరే. ఈ ఫైబరు పొరలు ఏ రోజు వేశారు?”

“గుర్తులేదు.”

“దక్షిణపు గాలి వీచిన రోజేనా?”

“ఓనరు నెత్తిమీద కూర్చున్నాడు అమ్మాయ్. అవతల పడవ దించేముందు ఇచ్చే బలికి పొట్టేలు కూడా వచ్చేసింది. సంతకం పెట్టెయ్.”

“తేమగాలిలో వేస్తే పొరలు అతకవని నాకు నేర్పిందెవరు?”

ఆయన ఆ చోటును అరచేత్తో తడిమాడు.

“సుద్దముక్క ఇలా ఇవ్వు. కోసెయ్యాల్సిన చోటు నేనే గీస్తా. నువ్వైతే నామీద జాలితో చిన్నగా గీస్తావు.”