సైదాబీ వెనక్కి తీసకొచ్చిన మాట

ఖాసిం కరెంటు కారు కొన్నాడంట. మన దూదేకుల సైదాబీ కొడుకే. కొనుక్కోని, మనూరి నుంచి పట్నం ఆసుపత్రికి మనుషుల్ని తిప్పుకుంటా బతుకుతున్నాడంట. మనూరి బస్సు సంగతి తెలిసిందేగా, వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు! తిరుపతమ్మత్త ఉంది చూడు, కిడ్నీలు పాడై రక్తం కడిగించుకునే మనిషి, ఆమెని వారానికి రెండుసార్లు తీసకపోయి తీసకొచ్చేది ఆ కారే. "చప్పుడు లేదు, పొగ లేదు, ఉయ్యాల్లో కూచున్నట్టుందిరా అబ్బయ్యా" అనేదంట ఆమె. బాగానే ఉంది గదా? ఏమైందంటే, వానలు పట్టినై. సైదాబీ ఫోన్లోకి ఒక వీడియో వచ్చింది. ఎవడు తీశాడో, ఎక్కడ తీశాడో ఆ పైవాడికే ఎరుక. పైన వాన కురస్తానే ఉంది, కింద కారు భగభగా మండిపోతా ఉంది. ఎనక నుంచి ఎవడో, "కరెంటు కారు వానలో తడిసిందా, లోపలోళ్ళు బొగ్గే" అంటన్నాడంట. తల్లి గదమ్మా, గుండె జారిపోయింది. కొడుక్కి చెబితే "ఊరుకో అమ్మా" అన్నాడు. అప్పుడు పక్కూళ్ళో ఉన్న చెల్లెలికి పంపింది, "ఇది చూడవే, వాడికి నువ్వన్నా చెప్పవే" అని. అంతే, ఆమె మనసులో చెడ్డ తలపేం లేదు. ఆ చెల్లెలు ఇంకోళ్ళకి పంపింది, ఆళ్ళు ఇంకోళ్ళకి పంపారు. తెల్లారేసరికి అది తిరిగి తిరిగి మనూరి పొదుపు సంఘం గ్రూపులోకే వచ్చి కూచుంది. ఎవరి చేతిలోనుంచి వచ్చిందో ఎవరికీ తెలవదు. సైదాబీకి తెలుసు. నోరు మెదపలా.

ఇంకేముంది, కారెక్కే దిక్కు లేదు. ఖాసిం ఇల్లిల్లూ తిరిగాడంట. "బ్యాటరీలోకి నీళ్ళు పోకుండా బిగించుంటది పిన్నీ, వానకేం కాదు. పొంగే వాగులో దిగితే ఏ కారుకైనా ప్రమాదమే, నేనెందుకు దిగుతా?" అన్నాడు. వీడియో ఆపి ఏలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఎనక పొగగొట్టం కనపడతానే ఉంది. కరెంటు కారుకి పొగగొట్టం ఎక్కడిది?" అని. చూశారు. "నిజమే అబ్బాయా" అన్నారు. అన్నారు గానీ ఎక్కలా. తన పెరుగు పుల్లగుందని ఎవరన్నా చెప్పుకుంటారా అనుకున్నారు. తిరుపతమ్మత్త కూడా ఎక్కలా. బస్సులో పోదామనుకుంది, వానకి బస్సు రాలా. ఒక వాయిదా తప్పింది, రెండోదీ తప్పింది. కాళ్ళు పొంగినై, మొహం పొంగింది, ఊపిరాడక ఎగబోస్తా ఉంటే అంబులెన్సు పిలిచి తీసకపోయారంట.

ఖాసిం యోహాను తాత కాడికి పోయాడు. ఊళ్ళో టీకాలేసినా, నీళ్ళు రాకపోయినా చాటింపేసేది ఆ తాతేగా. "తాతా, నా కారుకేం కాదని దప్పు కొట్టు" అన్నాడు. తాత ఏమన్నాడంటే, "కొడతా, దానిదేముంది. కానీ లాభం లేదురా. మా నాయన కాణ్ణుంచీ ఒక పద్ధతుంది. నా మేకనెవరో దొంగిలించారని ఒకడు చాటింపేయించాడనుకో. ఆ మేక చేలోనే దొరికిందనుకో. మళ్ళీ ఆ మనిషే దప్పెనక నడవాల, మళ్ళీ అవే ఈదుల్లో. 'నా మేక దొరికింది, ఎవర్నీ అనుమానించబాకండి' అని ఆ నోటితోనే రావాల. అప్పుడే ఆ అనుమానం పోద్ది. నేనొక్కణ్ణే కొడితే పోదు. ఆ మాట ఊళ్ళోకి తెచ్చినోళ్ళని తీసకరా" అన్నాడు. "ఎక్కడని ఎతకను తాతా" అని ఖాసిం అక్కడే కూలబడ్డాడంట. ఇంటికొచ్చి అన్నం ముందు కూచోని అమ్మకి ఇదంతా చెప్పాడు. సైదాబీ వింది. అప్పుడూ చెప్పలా. ఎట్టా చెప్పుద్ది, కన్నకొడుకు నోటికాడ కూడు తీసింది తనేనని?

మర్నాడు ఆసుపత్రికి పోయింది తిరుపతమ్మని చూడ్డానికి. తిరుపతమ్మకి మొహమంతా ఉబ్బుంది. సైదాబీ చెయ్యి పట్టుకోని, "నీ కొడుకు కారెక్కుంటే నాకీ గతి పట్టేది కాదే సైదా. ఆ మాయదారి వీడియో పంపినోళ్ళ చేతులు పడిపోను" అందంట. ఆ శాపం పెట్టేటప్పుడు పట్టుకోనుంది ఆ చేతినే గదమ్మా! సైదాబీ ఇంక ఇంటికి పోలా. నేరుగా యోహాను కాడికే పోయి, "అన్నా, దప్పు తియ్యి, నేను నడుస్తా" అంది. సన్నగా వాన పడతా ఉందంట. దప్పు ముందు, సైదాబీ ఎనక. ప్రతి ఈది మొగలోనూ నిలబడి, "ఆ వీడియో మనూళ్ళోకి వచ్చింది నా ఫోన్లోనుంచే. నిజమో కాదో చూళ్ళా, భయపడి పంపా. అది కరెంటు కారే కాదంట. తిరుపతమ్మని మంచాన పడేసింది నేనే" అంది. ఖాసిం ఇంటరుగు మీద నుంచి విన్నాడు. లోపలికి పోయి గొడుగు తెచ్చి, అమ్మ తల మీద పట్టుకోని మిగతా ఈదులన్నీ తనూ నడిచాడంట.

తిరుపతమ్మత్త కోలుకోని మళ్ళీ ఆ కారే ఎక్కుతుంది. వానొస్తే ముందు సీట్లో సైదాబీ కూచుంటదంట, "బొగ్గైతే ఇద్దరం అవుదాం పా" అని. మనూరికి బాగానే ఉంది. కానీ సైదాబీ చెల్లెలికి ఫోన్ చేసి, "నువ్వెవరెవరికి పంపావో ఆళ్ళకీ తప్పని చెప్పవే" అంటే, "ఇప్పుడు చెబితే నా పరువేం గాను అక్కా" అందంట. విన్నారా? దప్పు పొలిమేర దాకే ఇనపడుద్ది. ఆ మాట ఏ పొలిమేరా ఎరగదు. ఏ ఊళ్ళోనో ఇంకో తిరుపతమ్మ అది చూసి కారెక్కకుండా ఇంట్లోనే కూచోనుంటది, ఆ ఊరికి ఏ సైదాబీ నడిచిపోద్ది? నాకైతే తెలవదు. నేను చెప్పిన దాంట్లో తప్పుందనుకో, దప్పెనక నేనే నడుస్తా. మోకాళ్ళ నొప్పులు నాకు, అందుకే ఉన్నదే చెప్పా, ఏమీ కలపలా.