చెయ్యి లెయ్యని నాడు

అట్ల మొకం తిప్పుకుంటావేంది వదినా? గిద్దలూరు బస్టాండులో ఇంతమంది ఉండంగ నేనేమన్నా నిన్ను కొరుకుతానా? కూచో. వెలిగండ్ల బస్సు ఇంకా రాలేదులే.

అవును, నీ తమ్ముడు బయన్న పోయిన నాడు, చావింట్లో ఆడోళ్ళు ఏడ్చినట్ల నీ మెడ పట్టుకోని ఏడవలేదు. నువ్వు రెండు చేతులూ చాపుకుంటా వచ్చినావు, నేను గుంజ మాదిరి నిలబడినా. "మొగుడు చచ్చినా దీనికి చెయ్యి లెయ్యలేదు" అని అందరి ముందరా అన్నావు. మళ్ళా మా గడప తొక్కలేదు. నిన్ను చూసి మిగతావాళ్ళూ మానుకున్నారు.

తెల్లారినకాడి నుంచి ఏడ్చినా వదినా! బయన్న నా ఒళ్ళోనే గదా పోయినాడు. నువ్వొచ్చేతలికి మధ్యాన్నమైంది. అప్పటికే గొంతు పడిపోయింది, కంటి రెప్పలు వాలిపోయినయ్. చేతులు ఎత్తాలనే చూసినా. రాలేదు, ఏం చేసేది?

నమ్మవా? కొంగు తీసి ఆపరేషన్ కోత చూపించమంటావా, ఇంతమందిలో?

ఈడ, రొమ్ము ఎముక వెనక, థైమస్ అని ఒక గ్రంథి ఉంటాదంట. రోగాలతో కొట్లాడే కణాలకు చిన్నప్పుడు అదే బడంట. ఎవరు మనోళ్ళు, ఎవరు పరాయోళ్ళు అని నేర్పుతాదంట. కుక్కపిల్లను మందలో పెంచి మన గొర్రెను కరవొద్దని నేర్పమా, అట్లనే అనుకో. పెద్దయినాక అది కుంచించుకపోవాల. నాకేమో గడ్డ కట్టి, తప్పుడు చదువు చెప్పింది. నా కాపలా కుక్కలే నన్ను కరిచినయ్. అప్పట్లో పొద్దున బాగానే ఉండేదాన్ని, చేతులు వాడేకొద్దీ కండల్లో సత్తువ పోయేది. ఈ మాట కర్నూల్లో డాక్టరమ్మ చెప్పేదాకా నాకు మాత్రం తెలుసునా?

గడ్డ తీసేసినారు. మందులు మింగుతా ఉండా. మెల్లమెల్లగా సత్తువ వచ్చింది. ఇప్పుడు గొర్రెల్ని కేకేస్తే వాగవతలికి వినపడతాది.

ఏడుపే మిగిలిపోయింది వదినా. ఒక్కదాన్నే ఏడిస్తే అదొక ఏడుపా? ఆయప్ప చిన్నప్పటి సంగతులు ఎత్తి మాట కలిపే మనిషి ఉండాల. నువ్వు తప్ప ఎవరుండారు? ఒక్క పూట ఇంటికి రా, అంతే...

ఏంది, లేచినావు? బస్సొచ్చిందా?

సరే పో, మళ్ళా సీటు దొరకదు.

నేనా? నాకు ఎక్కే బస్సేం లేదు. నువ్వు సంతకు వస్తావని వారం వారం వచ్చి ఈడ కూచుంటా ఉండా. మాట్లాడే ధైర్యం ఈ పొద్దే వచ్చింది. వచ్చే వారమూ ఈడనే ఉంటా. మొకం తిప్పుకోనే పోదువులే.