మూడుసార్లు మోగిన ఫోను

మలేషియాలోని పెనాంగ్ బజారులో గెక్ కిమ్‌ది లక్సా బండి, పుల్లటి చేపల పులుసులో నూడుల్స్ వేసి అమ్ముతుంది. బేరాలింకా మొదలవలేదు. ఆమె నూడుల్స్ కడుగుతోంది. బర్మా నుంచి కోడలిగా వచ్చి, మొగుడు పోయినా ఇక్కడే ఉండిపోయిన నీలార్ పులుసు కోసం ఉడికిన చేపల్లో ముళ్ళు ఏరుతోంది.

“ఇంకోసారి ఆ ఇంటర్వ్యూ ప్రశ్నలు అడుగక్కా. ఆఫీసరు అడిగినట్టే, కటువుగా.”

“పొద్దున్నుంచీ అడుగుతూనే ఉన్నాగా! నీ మలయ్ భాష నాకంటే బావుంది, చాల్లే.”

“పోయినసారి చాలకేగా నా దరఖాస్తు తిప్పి పంపారు.”

“మలయ్ వల్లేనని ఎవరన్నారు?”

“మరెందువల్ల? ఏడాదిగా రెండో తరగతి పుస్తకం బట్టీ పడుతున్నా. ఈసారైనా పర్మనెంటు కార్డు రాకపోతే... ఏటేటా వీసాకి కాళ్ళు పట్టుకోవడమే. ఏదో ఒక ఏడు పొమ్మంటారు. నా కూతురేమో ఇక్కడే పుట్టి ఈ దేశందాయె, నేనేమో...”

“ఆపవే!”

“ఏమైందక్కా?”

“ఏం లేదు. చింతపండు నానేశావా?”

“నీ ఎదుటేగా నానేశాను.”

“ఆఁ... అవును. నీలార్, మలయ్ వల్ల కాదే.”

“ఏది?”

“పోయినసారి నీకు జామీను సంతకం పెట్టింది నేనేగా. ఆ వీసా ఆఫీసు వాళ్ళు నాకు ఫోన్ చేశారు. ఈమె నీకు తెలుసా, పూచీ నీదేనా అని అడగడానికి.”

“చేస్తామనే చెప్పారుగా.”

“మూడుసార్లు మోగింది. మూడుసార్లూ... చేతులు తడిగా ఉన్నాయని...”

“తడిగా ఉన్నాయా?”

“లేవే! పొడిగానే ఉన్నాయి. ఎత్తకుండా చూస్తూ కూర్చున్నా. జనం నా బండికొచ్చేది నువ్వు నూరే మసాలా ముద్ద కోసం, నాకు తెలీదా? కార్డొస్తే నీకూ లైసెన్సొస్తుంది, నా ఎదురుగానే బండి పెడతావని భయమేసింది. పాపిష్టిదాన్ని, నీ పొట్ట కొట్టాను. నువ్వా పుస్తకం తెరిచినప్పుడల్లా ఎక్కడైనా దూకి చద్దామనిపించేది. తిట్టవే! ఏదో ఒకటి అను!”

“ఏమనను? ఆ రోజూ నీ పక్కనే కూర్చుని ముళ్ళు ఏరుతున్నా. నీ ఫోన్లో ఆ ఆఫీసు నెంబరు నేనూ చూశాను.”

“చూశావా? మరి... మరి ఏడాది పాటు ఆ బట్టీ అంతా ఎందుకే?”

“తప్పు నాదే అనుకుంటే తప్ప నీ పక్కన కూర్చోలేకపోయానక్కా.”

“అమ్మో... జామీనులోంచి నా పేరు కొట్టెయ్యవే. ఈసారి ఇంకెవరి చేతైనా పెట్టించుకో.”

“ఈ ఊళ్ళో నాకింకెవరున్నారు? కొత్త కాగితంలో నీ పేరు రాసే తెచ్చాను, సంతకమే తక్కువ. చేతులు తుడుచుకో.”