తొట్టిబావి కాడ అడక్కూడని మాట

మన ఊరి గెడ్డ నీళ్ళు దాటి, జీడిమామిడి తోటలు అయిపోయాక, దారి రెండుగా చీలేచోట తొట్టిబావి ఉంది కదా, దాని సంగతి చెబుతాను. చింతపండు గింజ తీస్తూనే వినండి, చేతులు ఆపక్కర్లేదు. ఆ బావిలో నీళ్ళు లేవా అంటే ఉన్నాయి, అడుగున రాయి కనిపించేంత తేటగా ఉన్నాయి. పక్కనే పశువులు తాగే రాతితొట్టి ఉంది, అది కూడా పగలలేదు. అయినా అక్కడ ఎవరైనా కడవ ముంచడం చూశారా? చూడరు. ఒక దారి కొండ మీదికి పోతుంది, ఇంకోటి లోయలోకి దిగుతుంది. విస్తళ్ళు కుట్టే అడ్డాకులకు కొండెక్కే ఆడవాళ్ళు బావి దగ్గరికి రాగానే కొంగు లోయ వైపు చెంపకు అడ్డంగా లాక్కుంటారు, మగవాళ్ళు కావడి ఆ వైపు భుజానికి మార్చుకుంటారు, పిల్లల నెత్తిన తువ్వాలు కప్పేస్తారు, అలా బావి దాటేదాకా ఎవరూ ఏదీ అడగరు. తిట్టుకోండి, ఏడవండి, దగ్గండి, ఏమీ కాదు. "అదేటి?" అని మాత్రం అడక్కూడదు. అడిగితే చెప్పే మనిషి అక్కడ ఉంది.

ఆ మనిషి సన్నేసమ్మ. ఎవరంటారా? ఒకప్పుడు ఊరి పశువులు కాసింది. మొగుడు లేడు, పిల్లలు లేరు. పొద్దున్నే ఊరందరి పశువుల్నీ తోలుకుని లోయలోకి దిగేది, పొద్దు వాలేసరికి తొట్టి దగ్గర నీళ్ళు పట్టి ఇళ్ళకు చేర్చేది, అందుకు కూలిగా ఇంటింటా వంతులేసుకుని కూడు పెట్టేవాళ్ళు. ఆ పూట ఎవరి వంతో వాళ్ళ గుమ్మం ముందు కూర్చుని, ముద్దయినా కలపకుండా, ఇయాల ఏటి చూశానో తెలుసా అని మొదలెట్టేదట. ఎవరు వింటారు చెప్పండి? పొయ్యి మీద ఎసరు, చంకలో పిల్ల. మా పెయ్య కుంటుతోందేమని ఒకరు, గిన్నె తొందరగా ఖాళీ చెయ్యమని ఇంకొకరు. "ఒలమ్మా, పిట్టల్ని చూడ్డానికేటి నీకు కూడు పెడుతున్నాం?" అని ఒకావిడ అంటే అందరూ నవ్వారట. సన్నేసమ్మ కూడా నవ్విందట. అలా ఏళ్ళు పోయాయి, ఒక సాయంత్రం పశువులు వాటంతటవే ఊళ్ళోకి వచ్చాయి. వెళ్ళి చూస్తే ఆవిడ తొట్టి అంచు మీద కూర్చుని ఉంది, లోయ వైపు మొహం పెట్టుకుని, కళ్ళు తెరుచుకుని. ప్రాణం లేదు. ఆ కళ్ళు ఎంత మూసినా మూతపడలేదు, అలాగే మట్టి చేశారు.

చనిపోయాక ఏం చేస్తుంది? బతికుండగా చెప్పుకోలేనిది చెప్పుకుంటుంది. బండి ఇరుసుకి కర్ర వెతుక్కుంటూ వెళ్ళిన దాలయ్య బావి దగ్గర నిలబడి, అంత తెల్లగా మెరుస్తోంది అదేటి అన్నాడు. అంతే, కోతలయ్యేదాకా మనిషి అయిపు లేదు, జాడే తెలీలేదు. తర్వాత తనే నడుచుకుంటూ వచ్చాడు, ఒంటి మీద గీత కూడా లేదు. పెళ్ళాం ఏడుస్తూ ఎదురెళితే, ఆమె అడ్డొచ్చిందని పక్కకు వంగి ఆమె వెనక ఏముందో చూశాడు. నీళ్ళు దూకేచోటు దాకా వెళ్ళాను అన్నాడు. ఇంకేమీ అనలేదు, బతికినన్నాళ్ళూ అనలేదు. అరుగు మీద లోయకేసి కూర్చునేవాడు. కొడుకు పెళ్ళి ఊరేగింపు సన్నాయితో సహా ఎదురుగా పోతుంటే, అది దాటిపోయేదాకా ఓపిగ్గా ఆగి, మళ్ళీ అటే చూశాడు. మరి ఆ ఇల్లాలు మొగుడున్నదా, లేనిదా? మీరే చెప్పండి.

ఇక అసిరమ్మ సంగతి. మాట పొదుపు మనిషి. కలుపు తీసే చేయి, తల దించితే గట్టు వచ్చేదాకా ఎత్తదు. ఆమెకు ఒక్కతే కూతురు, పైడమ్మ, పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చిన వయసు. తల్లి ఎన్ని మాటలు మిగిల్చిందో అన్నీ ఆ పిల్ల వాడేసేది. చింతకాయలోకి పులుపు ఎక్కణ్ణుంచి వచ్చింది? నక్కకు చలి వేస్తుందా? మన నీడ మనకంటే ముందే ఇంటికెందుకు పోతోంది? అసిరమ్మ ఏం చెబుతుంది? నోర్మూసుకుని నడవమంటుంది. మనం చెప్పేదీ అదే కదా.

ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున అసిరమ్మ, తోటికోడలు రాజులమ్మ, పిల్లని వెంటబెట్టుకుని అడ్డాకులకు బయల్దేరారు. బావి ఇంకా రాకముందే పిల్ల నెత్తిన తువ్వాలు కప్పింది అసిరమ్మ. కప్పితే ఆగుతుందా? గాలికో, చేతికో అంచు లేచింది. "అమ్మా, అదేటి?" అంది పిల్ల. అసిరమ్మ అరచెయ్యి ఆ నోటి మీద పడేసరికే మాట బయటికి వచ్చేసింది.

ముగ్గురూ నిలబడిపోయారు. ఆకు కూడా కదల్లేదు.

"ఏటీ అవదులే అక్కా," అంది రాజులమ్మ, "ఎండెక్కాక దెయ్యాలు మాత్రం నీడపట్టున పడుకోవా?" నవ్వింది గాని అడుగు మాత్రం తొందరగా వేసింది. కొండెక్కారు, ఆకు కోశారు, కట్టలు కట్టారు. పిల్ల పక్కనే ఉంది, చిన్న కట్ట తనూ కట్టుకుంది. దిగేటప్పుడు ముందు నడుస్తోంది, మలుపు తిరిగింది. వీళ్ళు మలుపు తిరిగేసరికి కట్ట దారిలో ఉంది, తువ్వాలు రాతితొట్టి మీద ఉంది, పిల్ల లేదు.

రాజులమ్మ గుండెలు బాదుకుంటూ ఊళ్ళోకి పరుగెత్తింది, మగవాళ్ళను పిలవడానికి. మగవాళ్ళు వస్తారు, బావి దాకా వస్తారు, అవతలికి రారు, ఆ సంగతి అసిరమ్మకు తెలుసు. నెత్తి మీద కట్ట కింద పడేసి, చెంపకు అడ్డుగా ఉన్న కొంగు తీసి నడుముకి బిగించింది. వెతకాలంటే చూడాలి కదా. పుట్టినప్పట్నుంచీ ఆ లోయ అంచునే బతికిన మనిషి, అప్పుడు మొదటిసారి దానికేసి చూసింది.

ఏమని చెప్పను? పుసుగు చెట్లన్నీ అప్పుడే చిగురించి ఉన్నాయి, ఆకు ఎర్రగా ఉంది, ఎండ అందులోంచి దిగి నేలంతా కుంకం నీళ్ళు చల్లినట్టుంది. ఆకు రాల్చేసిన కొండగోగు కొమ్మల చివర ఉత్త పసుపు పూలు, దీపాలు పెట్టినట్టు. గెడ్డ ఒడ్డున తడి ఇసుక మీద ఎవరో రంగు గుడ్డలు ఆరేశారనుకుంది, అడుగు పడేసరికి ఆ గుడ్డలన్నీ లేచి ఆమె చుట్టూ తిరిగాయి, సీతాకోకచిలుకలు, మొహానికి గాలి తగిలేటన్ని. అవతల గడ్డిలో అడవిదున్నలు, నల్లటి ఒళ్ళు, మోకాళ్ళ దాకా సున్నంలో ముంచి తీసినట్టు కాళ్ళు. ఒకటి తలెత్తి ఆమెను చూసి, నువ్వా అన్నట్టు మళ్ళీ మేతలో పడింది. కూతురు పోయిన తల్లి, ఇవన్నీ చూసిందా అంటే చూసింది. కళ్ళు వద్దంటే ఆగుతాయా? చూస్తూ, చూసినందుకు తనను తాను తిట్టుకుంటూ నడిచింది.

అప్పుడు వినిపించింది. అదేటి అని పిల్ల గొంతు. అదా అంటూ ఒక ముసలి గొంతు, ఎంతో ముద్దుగా.

పెద్ద తాండ్ర చెట్టు కింద ఇద్దరూ నిలబడి ఉన్నారు. ముసలిదానికి నీరుకావి కోక, చంకలో ముల్లుకర్ర, రెండో చేత్తో పిల్ల చెయ్యి. పాదాలు వెనక్కి తిరిగి ఉన్నాయా అని అడక్కండి. అసిరమ్మ పాదాలు చూళ్ళేదు, ఆ పట్టుకున్న చేతినే చూసింది. సన్నేసమ్మ చెట్టు తొర్ర చూపించి చెబుతోంది. ముక్కు మీద ఇంకో ముక్కు పెట్టినట్టుండే పెద్ద పిట్ట, ఆడది, లోపల గుడ్ల మీద కూర్చుని మట్టితో తలుపు మూసేసుకుందట, ముక్కు పట్టేంత సందు ఉంచుకుందట, మగపిట్ట పండు తెచ్చి ఆ సందులోంచి అందిస్తుందట. ఆ మాట అంటుండగానే మగపిట్ట వచ్చి వాలింది, రెక్కల చప్పుడుకి చెట్టంతా ఊగింది. ఒకటి తర్వాత ఒకటి, గొంతులోంచి పళ్ళు తీసి అందించింది. పిల్ల నోరు తెరుచుకుని చూస్తోంది.

"పైడీ!" అని పిలిచింది అసిరమ్మ.

పిల్ల తిరిగింది. తల్లిని పైనుంచి కిందిదాకా చూసింది, అంతకుముందు పిట్టను చూసినట్టే. ముసలిదాని చెయ్యి లాగి, వేలెత్తి చూపించి, "అదేటి?" అంది.

"అదా?" అంది సన్నేసమ్మ, "పైనుండే మనిషమ్మా. దానికేటీ చూడ్డం రాదు. పోతుందిలే."

విన్నారా? అసిరమ్మ ఆ మాటకి ఆగలేదు. పరుగెత్తి పిల్ల రెండో చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎండుటాకులా ఉంది, బరువు లేదు, వేడి లేదు, అయినా లాగితే కదల్లేదు. ముసలిదాని కాళ్ళ మీద పడింది. నా పిల్లని నాకిచ్చెయ్యి తల్లీ అంది. సన్నేసమ్మ కోప్పడలేదు. "ఇంకొక్కటి చూపించి పంపించేస్తానమ్మా," అంది, "ఇన్నాళ్ళకి ఒకరు వింటున్నారు నా మాట. కసురుకోవడం లేదు, కూడు తిని పొమ్మనడం లేదు." ఆ ఇంకొక్కటి ఏమిటో అసిరమ్మకు తెలుసు. ముందు నుంచి హోరు వినిపిస్తోంది. నీళ్ళు దూకేచోటు. దాలయ్య అది చూసే కదా అలా అయిపోయి వచ్చాడు.

ముసలిది, పిల్ల ముందు. అసిరమ్మ వెనక. నీటి తుంపర మొహాలకి తగులుతోంది, ఇంకో మలుపు తిరిగితే కనిపిస్తుంది. తడి రాయి మీద కాలు జారి అసిరమ్మ పక్కనున్న చిన్న మామిడి మొక్కను పట్టుకుంది, పట్టుకోగానే చెయ్యి భగ్గున మండింది. ఎర్రచీమలు. దులుపుకోవడానికి వంగింది, వంగినది అలాగే ఉండిపోయింది.

ఆకు అంచున చీమలు బారు తీరి ఉన్నాయి. వెనక కాళ్ళతో ఈ ఆకును పట్టుకుని, నోటితో ఆ ఆకును కరిచి, రెండంచుల్నీ దగ్గరికి లాగుతున్నాయి. అందనిచోట ఒకదాని నడుం ఒకటి పట్టుకుని గొలుసు కట్టి లాగుతున్నాయి. అంచులు కలిసినచోట ఇంకొన్ని వచ్చాయి, వాటి నోట్లో బియ్యపు గింజల్లాంటి తెల్లటివి ఉన్నాయి. పిల్లలు. వాటి పిల్లలే. ఆ పిల్లను ఈ అంచుకి ఒకసారి, ఆ అంచుకి ఒకసారి ఆనిస్తుంటే పిల్ల నోట్లోంచి దారం వస్తోంది, తెల్లటి పట్టుదారం, ఆకు కుట్టుపడిపోతోంది. అసిరమ్మ ఏ ఉపాయమూ పన్నలేదు. అంత తెలివి ఆ గడియలో ఎవరికుంటుంది? మండే చెయ్యి మర్చిపోయింది, ఎక్కడుందో మర్చిపోయింది, నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది. "అయ్యో, ఇవేటి చేస్తున్నాయి?"

అడిగితే చెప్పే మనిషి కదా, సన్నేసమ్మ ఆగింది. వెనక్కి తిరిగింది. "అదా?" అంది. అని, ఆగిపోయింది.

ఆ లోయలో ఆవిడ చూడనిది లేదు. ఎగిరేవి చూసింది, ఉరికేవి చూసింది, మందలుగా కదిలేవి చూసింది. పశువు తప్పిపోకుండా దూరం చూడ్డం అలవాటైన కళ్ళు, ముక్కు ముందున్న ఆకు కేసి ఎప్పుడూ వంగలేదు. వెనక్కి వచ్చింది. ముల్లుకర్ర కింద పెట్టింది. ఆకు కొమ్మ దగ్గరికి వంచుకోవడానికి రెండు చేతులూ కావాలి, పిల్ల చెయ్యి వదిలేసింది.

పిల్లల్నే సూదులు చేసుకున్నాయేటి అని అడిగింది ముసలిది. దారం పిల్లలదేనమ్మా అని చెప్పింది అసిరమ్మ. వాటికి నొప్పి పుట్టదా అంది. పుట్టనట్టే పట్టుకున్నాయి చూడమ్మా, తల్లి పట్టుకున్నట్టు, అంది అసిరమ్మ. రెండు తలలూ ఆ ఆకు మీద ఆనుకునేంత దగ్గరగా వచ్చాయి. మరి ఎప్పుడు ఆపాలో వాటికెవరు చెబుతారు అని అడిగింది సన్నేసమ్మ. నాకూ తెలీదమ్మా, చూద్దాం అంది అసిరమ్మ. నిజంగానే అంది. ఇంకాసేపుంటే ఆమె కూడా అక్కడే ఉండిపోయేది.

"అమ్మా," అంది పైడమ్మ, "ఆకలేస్తోంది."

చెయ్యి అందుకుంది అసిరమ్మ. వెచ్చగా ఉంది, చెమటగా ఉంది. అడుగు వెనక్కి వేసింది, ఇంకోటి వేసింది. సన్నేసమ్మ తలెత్తలేదు. దున్నల గడ్డి దాటారు, గెడ్డ దాటారు, ఎక్కుడు ఎక్కారు. దారంతా అసిరమ్మకు వెనక్కి తిరగాలనే ఉంది. దెయ్యం వస్తోందేమోనని కాదు. ఆ చివరి సందు కలిసిందో లేదో చూడకుండా వచ్చేసిందే అని.

బావికి ఇవతల ఊరంతా డప్పులతో నిలబడి ఉంది. రాజులమ్మ పిల్లను ఎత్తుకుని, "ఏటి చూశావక్కా?" అని అడిగింది. "ముందు దీనికి కూడెట్టు," అంది అసిరమ్మ.

పిల్ల బాగానే ఉంది. మునుపటికంటే ఎక్కువగా అడుగుతోంది. మారింది అసిరమ్మే. ఇప్పుడు ఆ పిల్ల అదేటి అంటే, ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయినా సరే, కూర్చుని చెబుతుంది. తెలిస్తే చెబుతుంది, తెలీకపోతే తెలీదంటుంది, పద చూద్దాం అంటుంది. మనం చెప్పకపోతే చెప్పేవాళ్ళు ఎక్కడున్నారో ఆమెకు తెలుసు కదా.

ఇదంతా విన్నాక ఆ లోయ ఒక్కసారి చూడాలని మీకు అనిపిస్తుంది. తప్పు కాదు. ఈ చుట్టుపక్కల అంత అందమైన చోటు ఇంకోటి లేదు, అబద్ధమెందుకు చెప్పాలి? అందుకే వెళ్ళకండి. చీమలు ఒక గూడు కుట్టడానికి మహా అయితే ఎంతసేపు పడుతుంది? ఆవిడ ఈపాటికి తలెత్తే ఉంటుంది.