‘ఇష్టం లేదు’ అన్న మాట ఉన్న పెన్‌డ్రైవ్

ఒక ఆడపిల్ల ‘నాకిష్టం లేదు’ అన్న మాటను చెరిపేయబోయినవాడు దొంగా, ఆ మాటను జేబులో వేసుకొని బయటపడినవాడు దొంగా? సార్, దీనికి మీరు జవాబు చెప్పాలి. రైటర్ గారు ముందు పేరు చెప్పమన్నారు. ముందు ఈ ప్రశ్న రాయండి, పేరు తర్వాత అని నేనే పట్టుబట్టి రాయించాను.

నా పేరు గుణశేఖర్. తండ్రి కీర్తిశేషులు దేవసహాయం. వయసు యాభై నాలుగు. ప్రొద్దుటూరులో మైకు సెట్లు బాడుగకు ఇస్తాను. ఏడో తరగతి వరకు చదివాను. పంతొమ్మిదేండ్లుగా బైబిలు వాక్యం చెబుతున్నాను. నేను పాస్టర్ను కాను. పెండ్లిళ్లు జరిపించే లైసెన్సు నాకు లేదు. లేఖనాలు ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, బాడుగకు పోయిన మైకు సెట్టుకు కాపలాగా పందిళ్ల కింద కూర్చొని చదువుకున్నాను. ఇప్పుడు కూడా గ్రంథం నా సంచిలో ఉంది. కాపలా కానిస్టేబుల్ వెతికి చూశాడు.

ఈ రోజు 14-2-2026, శనివారం. జమ్మలమడుగు పోలీస్ స్టేషన్‌లో ఉదయం 10.40కి ఈ వాంగ్మూలం మొదలుపెట్టాను. నా మీద ఫిర్యాదులో రెండు మాటలున్నాయి. పెన్‌డ్రైవ్ దొంగిలించానని ఒకటి, షో నడిపే శరత్ చంద్రను కింద పడదోశానని ఒకటి. పెన్‌డ్రైవ్ నేనే తీశాను. అది వాళ్లదే. శరత్ చంద్రను నేను తాకలేదు. నా మైకు వైరు కాలికి తగులుకొని పడ్డాడు.

శరత్ చంద్ర మా ప్రొద్దుటూరు వాడే. యూట్యూబులో ‘దండ ఎవరికి’ అనే షో నడుపుతాడు. పెండ్లి కాని మగవాళ్లు పదకొండు మంది, ఒక అమ్మాయి. ప్రతి భాగం చివర ఆ అమ్మాయి ఒక్కొక్కరికి దండ వేస్తుంది. దండ పడనివాడు ఇంటికి పోవాలి. చివరికి మిగిలినవాడు ఆమె మనసు గెలిచినట్టు.

పోయిన అక్టోబరులో మా ప్రార్థన కూటంలో ఈ షో మీద నేను గట్టిగా మాట్లాడాను. ఒక స్త్రీ కోసం ఏడేండ్లు మంద కాసినవాడి సంగతి లేఖనంలో ఉంది, మీరు ఫోనులో ఏడు నిమిషాలు చూసి ప్రేమ అంటున్నారు అని బ్రహ్మచారులందరినీ నిలబెట్టి కడిగేశాను. కూటం అయ్యాక అవినాష్ నా దగ్గరికి వచ్చాడు. అవినాష్ చిలమకూరులో కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగు చుడతాడు. వయసు ముప్పై ఆరు. ఇరవై మూడు పెండ్లిచూపులయ్యాయి. తొమ్మిదింటికి వెంట పోయింది నేనే.

“మామా, నువ్వు ఆ షో చూసినావా?” అన్నాడు.

“అట్లాంటివి నేను చూడను” అన్నాను.

“చూడకుండానే తిడతాండావా? వాక్యం చదవకుండానే చెప్తావా నువ్వు?”

నేను మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాను.

“ఇరవై మూడిండ్లకు పోయినా మామా. భూమెంత అనిరి. పర్మనెంటా అనిరి. ఆ షోలో పాప మొదట ఏమడుగుతాదో తెల్సునా? నీకేంది ఇష్టం అని. ఆ మాట నన్ను ఎవురన్నా అడిగినారా? నువ్వన్నా అడిగినావా?”

నేను అడగలేదు. మరుసటి రోజు దుకాణంలో కూర్చొని ఒక భాగం చూసి ఆపుదామనుకున్నాను. ఆరు చూశాను. దండ పడని ఒకడు చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ బయటికి పోతుంటే నాకు కండ్లలో నీళ్లు వచ్చాయి. ఇది రాయించనవసరం లేదు. అయినా రాయించుతున్నాను. రెండో విడత షోకు అవినాష్ దరఖాస్తు నా చేతులతోనే నింపాను. ‘మీకు ఏమి ఇష్టం’ అనే గడి దగ్గర అతన్ని అడిగాను. కాలిన మోటారు బాగై నీళ్లు ఎగదన్నేటప్పుడు రైతు ముఖం చూడడం ఇష్టమన్నాడు. అట్లే రాశాను.

రెండో విడతలో అమ్మాయి సుకన్య. వయసు ఇరవై నాలుగు, ఊరు పులివెందుల, నర్సింగు పూర్తి చేసింది.

ఫిబ్రవరి 10, మంగళవారం ఉదయం శరత్ చంద్ర నా దుకాణానికి వచ్చాడు. “అన్నా, మీ అవినాష్ గెల్చినాడు. గురువారం జమ్మలమడుగు ఫంక్షన్ హాల్లో ప్రధానం పెడతాండాం. మైకు సెట్టూ నీదే, ప్రార్థనా నీదే” అన్నాడు. ప్రధానమంటే మాలో పెండ్లికి ముందు ఉంగరాలు మార్చుకొని మాట ఇచ్చుకోవడం. దానికి లైసెన్సు అక్కర్లేదు. నేను సంతోషంగా ఒప్పుకున్నాను.

12వ తేదీ గురువారం ఉదయం 8.40కి హాలు చేరాను. 9.15కి మైకులు సరిచూశాను. అందరూ మైకులో హలో హలో అని సరిచూస్తారు. నేను ప్రార్థన చేసి సరిచూస్తాను. పంతొమ్మిదేండ్లుగా అదే అలవాటు. ఆ రోజు ‘ఈ ఇద్దరినీ జతపరిచావు, బతికినంత కాలం భార్యాభర్తలుగా నడిపించు’ అని చేశాను. ఎదురుగా ఆ ఇద్దరూ లేరు. ఖాళీ కుర్చీలున్నాయి. ఖాళీ కుర్చీల ముందు అంత మాట అనడం నా తప్పు.

10 గంటలకు వాళ్లు రిహార్సల్ చేశారు. ఆ సమయంలో నేను కింద జనరేటర్ దగ్గర ఉన్నాను. 11.30కి పైకి వచ్చేసరికి పళ్లెంలో ఉంగరం లేదు, తాళి ఉంది.

“ఏమప్పా, ప్రధానమంటివి, ఇది తాళి గదా?” అని శరత్ చంద్రను అడిగాను.

“రిహార్సల్‌కే అన్నా. ఉంగరం కెమెరాలో యాడ కనపడతాది?”

“ఆ పాపతో ఒక్క మాట మాట్లాడల్ల.”

“వద్దు. ముందే చెప్తే ముఖంలో ఆశ్చర్యం పోతాది. అయినా లైసెన్సు లేనోడివి, నువ్వు చేస్తే మాత్రం పెండ్లి అయితాదా? ఊరికే భయపడతాండావు.”

భోజనం వేళ కెమెరామన్ షోయబ్ పొద్దుటి రికార్డింగును పెన్‌డ్రైవ్‌లో నుంచి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకొని, పెన్‌డ్రైవ్‌ను తిరిగి నా మిక్సర్‌కు తగిలించాడు. మైకుల్లో పలికిందంతా అందులోకే ఎక్కుతుంది. 2.20కి మళ్లీ షూటింగు మొదలైంది.

మా కూటంలో ఒక నియమం ఉంది. ప్రధానానికి ముందు అబ్బాయినీ అమ్మాయినీ విడివిడిగా, పేరు పెట్టి, అందరికీ వినబడేటట్లు అడుగుతాం. తల ఊపితే చెల్లదు. నోటితో చెప్పాలి. తల ఊపించి చేసిన పెండ్లిళ్లలో ఆడవాళ్ల ఏడుపు విన్నాను కాబట్టి ఈ నియమం నేనే పెట్టాను.

అవినాష్‌ను అడిగాను. “ఇష్టమే” అని ఎంత గట్టిగా అన్నాడంటే స్పీకర్లు కూశాయి. వెనకనుంచి ఎవరో నవ్వారు. సుకన్యను అడిగాను. ముఖం మీద తెల్ల ముసుగు ఉంది, తల వంచుకొని ఉంది. రెండోసారి అడిగాను. “తల ఊపు పాపా, చాలు” అని శరత్ చంద్ర సైగ చేశాడు. మూడోసారి అడిగాను. అప్పుడు 2.34.

“నాకిష్టం లేదు అయ్యగారూ” అంది. “నాకు యాక్టింగని చెప్పినారు.”

అవినాష్ ఆమె వైపు తిరిగాడు. “నీకేంది ఇష్టమని మొదటి రోజు నన్ను అడిగితివే. అది గూడా యాక్టింగేనా?”

“కాగితంలో రాసిచ్చిండిరి అన్నా. నువ్వు గూడా యాక్టింగే చేస్తాండావనుకొంటి.”

“నేను చేయలే.”

అవినాష్ మెడలో దండ తీసి, ఇస్త్రీ చొక్కాను మడిచినట్టు మడిచి, కుర్చీ మీద పెట్టాడు. “మామా, ఈయమ్మ బస్సుకు పోవాల. కాలర్ మైకు తీసేయ్” అన్నాడు.

అప్పుడు శరత్ చంద్ర షోయబ్‌తో అన్న మాటలు నేను చెవులారా విన్నాను. “పోనీలే. పొద్దున తాళి కట్టిన షాట్ ఉంది, గుణశేఖరన్న ప్రార్థన ఉంది. ముసుగులో పెదాలు యాడ కనపడతాయి? ఈ సౌండ్ ఒక్కటి తీసేసి పాట ఏస్తే పెండ్లి అయిపోయినట్లే. శనివారం ప్రేమికుల దినం, సాయంత్రం ఆరింటికి వదుల్తాం.”

సుకన్య ఆ మాట విని, “అన్నా, తాళి అంటే రిహార్సల్ అంటిరి, కట్టినాక తీయిస్తిరి గదా! సోమవారం నేను తిరుపతిలో డ్యూటీలో చేరల్ల. మా అమ్మకు ఏం చెప్పల్ల?” అని అడిగింది.

“సంతకం పెట్టినావు గదా పాపా” అన్నాడు.

2.41కి నేను మిక్సర్ నుంచి పెన్‌డ్రైవ్ తీశాను. మళ్లీ చెబుతున్నాను, నేనే తీశాను. శరత్ చంద్ర నా మీదికి వస్తూ వైరు తగులుకొని పడ్డాడు. లేపడానికి చెయ్యి ఇచ్చాను, పట్టుకోలేదు. నేను, అవినాష్ కలిసి సుకన్యను బస్టాండులో 3.20 పులివెందుల బస్సు ఎక్కించాం. అవినాష్ నీళ్ల సీసా కొని కిటికీలోంచి ఇచ్చాడు. బస్సు పోయాక చాలాసేపు, మిగిలిన చిల్లర చేతిలో పట్టుకొని అక్కడే నిలబడ్డాడు.

నిన్న శుక్రవారం మధ్యాహ్నం వాళ్లు ఒక నిమిషం ప్రకటన వదిలారు. అందులో అవినాష్ వెనకనుంచి సుకన్య మెడలో తాళి కడుతుంటాడు. దాని మీద నా గొంతు. బతికినంత కాలం భార్యాభర్తలుగా నడిపించు. ఖాళీ కుర్చీలకు చేసిన ప్రార్థన.

సాయంత్రం 5.10కి సుకన్య తల్లి సుబ్బలక్ష్మమ్మ నాకు ఫోన్ చేసింది. “అయ్యా, మీరంట గదా మా బిడ్డకు పెండ్లి చేసింది? ఊరంతా చూసినామంటాండారు. మెడలో చూస్తే తాళి లేదు. తెంపేసిందా అని అడుగుతాండారు. ఏం చెప్పల్ల నేను?” అంది. నేను చెప్పిందంతా విని, “ఆ మాట మీ దగ్గర ఉంది గదా, వినిపించండి మరి” అని పెట్టేసింది.

పెండ్లి కాని మగవాళ్లను తిట్టడం నేను మానేశాను. నీకేంది ఇష్టం అని ఎవరైనా ఒకసారి అడిగితే చాలని ఎదురుచూసేవాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు. ఆ ఎదురుచూపును కాగితం మీద రాసి అమ్ముకునేవాణ్ణి మాత్రం వదలను. తప్పులో నా వంతు కూడా రాయించాను, ఒక్కటీ కొట్టేయొద్దు. నా మీద కేసు పెట్టండి, కాదనను. బెయిలు అడగను. పెన్‌డ్రైవ్‌ను శరత్ చంద్రకు ఇవ్వమంటే ఇవ్వను. రసీదు రాసిస్తే మీ చేతికి ఇస్తాను. పద్నాలుగో నిమిషం దగ్గర పెట్టి వినండి. అవినాష్ బయట బెంచీ మీద ఉన్నాడు, ఆ తాళి ఎట్లా కట్టించారో అతని నోటితోనే రాసుకోండి. సుకన్య, వాళ్లమ్మ పులివెందుల నుంచి బస్సులో వస్తున్నారు.

రైటర్ గారు ఇదంతా నాకు చదివి వినిపించారు. నేను అన్నది ఇందులో ఉంది, అననిది లేదు. ఎవరూ బెదిరించి చెప్పించలేదు. దేవుని ముందు ఎట్లా చెబుతానో మీ ముందు అట్లే చెప్పాను.

(సంతకం) గుణశేఖర్

సంతకం కింద నా చేత్తో రాసింది: సార్, ఇప్పుడు 11.50. నన్ను రేపు విచారించుకోవచ్చు, ఎల్లుండి విచారించుకోవచ్చు, ఎక్కడికీ పోను. ఆ వీడియో మాత్రం ఒక్కసారి జనం ఫోన్లలోకి పోయిందంటే మీరూ నేనూ వెనక్కి తేలేం. సాయంత్రం ఆరు దాటితే ఆ పిల్ల పెండ్లయిన పిల్ల. నా కాగితం పక్కన పెట్టండి. ఆ పెన్‌డ్రైవ్ ఇప్పుడే వినండి. శరత్ చంద్రను ఈ పొద్దే, ఈ గంటే పిలిపించి ఆపించండి. లేవండి సార్.