లెఫ్టౌటు

ఆ పిల్లోణ్ణి ఇంకా ఎందుకు కొడతా ఉండారయ్యా? స్టేషను గేటు కాడికే వినపడతా ఉండాది. కుర్చీ వద్దులే, నిలబడే చెప్తాను. మగోళ్ల ముందర కూర్చోని మాట్లాడే అలవాటు నాకు లేదు.

ఆత్మకూరు గోపాలయ్య నా కొడుకు నరసయ్య కాలు విరగ్గొట్టలేదు.

విరగ్గొడతానన్న మాట నిజమే. నిరుడు ఫుట్‌బాలాటలో మావాడి మోకాలి మీద బూటుతో తన్ని, "మళ్లీ వస్తే ఈ ఎడమకాలు ఉంచను" అన్నాడు. ఊరంతా విన్నది.

మావాడిది పుట్టుకతో ఎడమ వాటం. ఎడంచేత్తో అన్నం తింటా ఉంటే, అయిదేళ్లప్పుడు అట్లకాడ కాల్చి వాత పెట్టినాను. చెయ్యి మానుకున్నాడు. బలమంతా కాల్లోకి దిగింది. గీత వెంబడి బంతి తీసుకొని ఉరికితే ముగ్గురు పడిపోయేవాళ్లు.

ఆ తన్ను తిన్నాక ఏమైందో, కొట్టిన బంతల్లా తుమ్మచెట్లలోకే. మోకాలు మానింది గాని బెదురు పోలా. యుద్ధం నుంచి వచ్చిన డ్రిల్లు మాస్టరు జట్టులోంచి తీసేసినాడు. అందుకని వాళ్ల నాయన వాణ్ణి దూలానికి కట్టి బెల్టుతో కొట్టినాడు. వీడు ఏడవలా. రోజూ పోయి కోట గోడకేసి బంతి తన్నేవాడు, గోళ్లూడి నెత్తురు కారేదాకా.

మొన్న ఆదివారం ఆత్మకూరోళ్లు మా ఊళ్లో ఆటకని వచ్చి సత్రంలో దిగినారు. పొద్దున్నే ఇస్కూలు బంట్రోతు కామయ్య గడప కాడికొచ్చి, "నరసయ్య ఈ పొద్దు లెఫ్టౌటు, చెప్పమ్మా" అని పోయినాడు.

నాకేం తెలుసయ్యా? మూడో తరగతి చదివినదాన్ని. చెడుగుడులో అవుటంటే బయటికి పొమ్మనేగదా. మళ్లీ తీసేసినారనుకున్నాను.

దొడ్లోకి పోతే వాడు కత్తి నూరతా ఉన్నాడు. "ఎందుకురా అది?" అన్నాను.

"ఈ పొద్దు గోపాలయ్య సంగతి చూడాల" అన్నాడు. నవ్వతా ఉన్నాడు.

ఆటలో లేనోడికి కత్తెందుకు? పొడిచి ఉరికంబం ఎక్కుతాడనుకున్నాను. రోకలి తీసుకొని ఎడమకాలి మీద ఒకటి వేసినాను. లేవబోయినాడు. ఇంకొకటి వేసినాను. వడ్లు దంచిన చప్పుడు కాదయ్యా అది. ఎండుకట్టె విరిచినట్టు వచ్చింది.

కత్తి బూటు అడుగుకు తోలుముక్కలు కోసుకునేదానికంట. లెఫ్టౌటంటే ఎడమపక్క గీత కాడ ఆడేవాడంట. ఆర్నెల్లకు వాణ్ణి మళ్లీ ఆటలోకి తీసుకున్నారంట.

వాళ్ల నాయన పరిగెత్తుకొచ్చి, "గోపాలయ్యేనా గోడ దూకొచ్చి కొట్టింది?" అంటే తల దించుకున్నాను. ఆయన ముందర ఎప్పుడూ దించుకునేదే. ఆయన అవునని తీసుకొని మీ కాడికొచ్చి ఫిర్యాదిచ్చినాడు. మావాడూ నోరు తెరవలా.

రాసుకోండయ్యా. వేలిముద్ర వద్దు, సంతకమే పెడతాను. ఆ పిల్లోణ్ణి వదలండి, వాళ్లమ్మ రెండ్రోజులుగా మీ గేటు కాడనే పడుండాది.

నిన్న మావాడు ఒక్క మాట అడిగినాడు, "రెండు కాళ్లుండగా ఎడమదే ఎందుకు కొట్టినావమ్మా?" అని.

వాడి బలం యాడుండాదో ఎరిగినదాన్ని నేనే గదయ్యా.