ఒట్టేసి అమ్మే నెయ్యి

కార్వాన్‌లో ఈశ్వరయ్య కిరాణా దుకాణం. కిషన్‌బాగ్ నుంచి ఉత్త గిన్నె చంకన పెట్టుకొని వచ్చిన మంత్రసాని చంద్రమ్మ, అప్పటికే డబ్బా మూత తీయించి, వాసన చూసి, ముఖం చిట్లించింది.

"గిది నెయ్యి కాదు సేటూ."

"నెయ్యే అక్కా. డబ్బా మీద రాసి లేదా?"

"రాసుంది. లోపల్నే లేదు. బాలింత తినేది సేటూ! పొద్దుగాల్నే కాన్పు చేసొచ్చిన. గిది తిని పిల్ల కడుపుల లొల్లయితే, చంద్రమ్మ చెయ్యి మంచిది కాదంటరు. మళ్ల నన్ను ఏ గడపా తొక్కనియ్యరు."

"బాలింతకా? గట్ల ముందుగాల చెప్పాలె గద! గిది ఉత్త నెయ్యి. నీకు అసలీ నెయ్యి కావాలె."

"గిదేంది? నెయ్యంటే అసలుది కాదా?"

"ఒకప్పుడు నెయ్యంటే నెయ్యే. గా ఎదురు దుకాణపోడు 'అసలీ' అని బోర్డు పెట్టిండు. నేను 'ఖాలిస్ అసలీ', అంటే కల్తీ లేని అసలుది, అని పెట్టిన. వాడు 'స్పెషల్ ఖాలిస్' అన్నడు. ఇగ ఎనకకు పోవుడెట్ల?"

"అయితే గా ఖాలిస్‌దే పొయ్యి."

"దాంట్ల జర వనస్పతి ఉంటది."

"మరి అసలీల?"

"జర ఎక్కువుంటది."

"ఉత్త నెయ్యిల?"

"దాని సంగతి అడగకక్కా."

"నీ దుకాణం పాడుగాను! మరి నెయ్యి ఉన్న నెయ్యి ఏదయ్యా?"

"ఒట్టు నెయ్యి. ఒట్టేసి ఇస్తం. మస్తు గిరాకి."

"ఎవరి మీద ఒట్టు?"

"నా మీదయితే పిరం. మా బామ్మర్ది మీదయితే అగ్గువ."

"రెండూ ఒక్కటే నెయ్యా?"

"డబ్బా ఒక్కటే. ఒట్టే వేరే."

"అయితే నీ బిడ్డ మీద ఒట్టెయ్యి. ఎంతయినా ఇస్త."

"బిడ్డ మాట తియ్యకు. నాకు ఒక్కతే బిడ్డ. బామ్మర్ది మీద ఎన్నన్నా ఏస్త. పాపం, మంచోడు, ఏమనడు."

"బిడ్డ మీదనే."

"బిడ్డ మీద అబద్ధమెట్ల ఆడతనక్కా! దానికేమన్నయితే?"

"అంటే గిందులగూడ నెయ్యి లేదు."

"లేదు. ఒట్టు."

"బిడ్డ మీదనా?"

"బిడ్డ మీదనే. వేరే దుకాణం చూసుకో తల్లీ."

"చూసుకుందు. గా పిల్లనే ఇనలే. 'మా బాపు దుకాణంలదే తే, ఇంకెవ్వర్నీ నమ్మను. నా పేరు చెప్తే పైసలు తీస్కోడు, చెప్పకు' అని చేతిల చెయ్యేయించుకున్నది."

"ఏ పిల్ల? ఏ పిల్ల అక్కా?"

"కళావతి. నీకు మనుమరాలు పుట్టింది సేటూ."

"నా కళావతా? ఇంక నెల గడువుందన్నరు గద! తల్లీ పిల్లా మంచిగున్నరా?"

"మంచిగున్నరు. మీ అల్లుడు కబురు చెప్ప వస్తనే ఉన్నడు. నీ బిడ్డ ఆకలితోనున్నది, జల్ది నీ ఒట్టు నెయ్యే గిన్నెల నింపు."

"వద్దు! గా డబ్బా ముట్టకు! గిన్నె ఇటియ్యి, దుకాణం మూస్తున్న. నడువక్కా, ఎదురు దుకాణంకు పోదాం."

"వాడు మాత్రం నెయ్యి అమ్ముతడా?"

"ఏమో... వానికీ ఒక బిడ్డున్నది."